దారుశిల్పమున నైరూప్యమార్గము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



దారుశిల్పమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని సభానిర్వాహకులు నన్నాజ్ఞాపించిరి. దేవతామూర్తుల ప్రమాణములను గూర్చియు, రథనిర్మాణమును గూర్చియు చెప్పదగిన పెద్దలు ఈ సభ నలంకరించి యున్నారు. కావున నేను వేఱొక విషయమును విన్నవింతును. అది నైరూప్యశిల్పము. అనగా దేవుని గాని, మనుష్యుని గాని, పశుపక్ష్యాదులను గాని పోలక, వంపు, ఉబ్బు, లోతు, నునుపు, గరుకు అను గుణములచేతనే చూపరుల మనస్సు నాకర్షించు కొయ్యపని. దీనిని ఉలి, బాడిసలతోను, తరిమెనతోను నేర్చుట యెట్లు, నేర్చినందున ప్రయోజన మేమి అనునదియే నా ప్రసంగము.

ఇది వినోదమునకై యెత్తుకొన్న విషయము కాదు. జువ్వలదిన్నె మొదలు కృష్ణపట్టణము వఱకు గల మన నెల్లూరు సముద్రతీరపు పల్లెలలో వడ్రంగి బ్రతుకు నాగలి, బండి, పడవ అను మూడింటిమీద నిలిచియుండెను. నాగలిపనిని ట్రాక్టరు గైకొనెను. బండికి రబ్బరు చక్రము వచ్చెను. బకింగుహాము కాలువలో సరకుల పడవలు నడచిన దినములు గతించెను. 2004 డిసెంబరు 26వ తేదీని వచ్చిన సునామీ పిమ్మట తీరమున ఫైబరు పడవలు మిక్కిలిగా వ్యాపించెను. తలుపులు, బల్లలు కర్మాగారములనుండి సిద్ధమై వచ్చుచున్నవి. తండ్రి చేతిలోని బాడిసను కొడుకు ముట్టుట లేదు. ముట్టుమని చెప్పుటకు తండ్రికిని నోరు రాకున్నది. యంత్రము చేయలేని పని యేదో మనము చూపనిచో, చేతిలోని విద్య యొక తరములో మట్టిపాలగును.

కొంద ఱిట్లాక్షేపింతురు: "మన పంచశాఖలలో మయబ్రహ్మది దారుకర్మ. శాస్త్రమున తాళమానము, అంగులమానము విధింపబడి యున్నవి. పోలిక లేనిది శిల్ప మెట్లగును?" ఈ ప్రశ్న గౌరవింపదగినదే. కాని మన పెద్దల పనిని ఒక్కమారు పరికింపుడు. మంచపుకోళ్లు, కవ్వము, రోకలి, బొంగరము, స్తంభముమీది కలశము, రథచక్రపు నడిమి కుండ - ఇవి యే ప్రాణిని పోలియున్నవి? పూరీ జగన్నాథస్వామి దారుమూర్తిలో మానవాంగముల పోలిక యెంత స్వల్పము! అయినను కోట్లాది జనుల చేతులు జోడించుటకు ఆ రూపము చాలినది. పోలికను విడిచిన రూపము మనకు క్రొత్త గాదు. దానిని వేఱుగా నిలిపి చూచుట మాత్రమే క్రొత్త.

ఈ మార్గమున ప్రపంచప్రఖ్యాతుడైన కాన్‌స్టాంటిన్ బ్రంకూషి 1876లో రుమేనియా దేశమున హోబిట్సా అను కుగ్రామమున పుట్టెను. క్రయోవా పట్టణపు వృత్తివిద్యాశాలలో కొయ్యపని నేర్చెను. పిదప పారిసు నగరమున స్థిరపడి, 1957లో నక్కడనే గతించెను. ఒకే యాకృతి గల దిమ్మెలు ఒకదానిపై నొకటి నిలిచి యాకాశమున కెగయు "అంతులేని స్తంభము"ను 1918లో నాతడు ఓకు కొయ్యతో చెక్కెను. దానినే 1938లో తిర్గుజియు పట్టణమున పోత యినుముతో సుమారు 96 అడుగుల యెత్తున నిలిపెను. ఇందూరు మహారాజు యశ్వంతరావు హోల్కరు ఒక ధ్యానమందిరము నిర్మింపుమని యాతని నాహ్వానింపగా 1937 చివర మన దేశమునకును వచ్చెను. ఆ మందిరము కట్టబడలేదు. పల్లెటూరి కొయ్యపని యెంత దూరము పోగలదో చెప్పుట కీ చరిత్రము చాలును.

ఇక నేర్చుకొను విధము. మొదట కొయ్యను తెలియవలెను. చెట్టు నఱికిన పిమ్మట తేమ పోవుకొలది కొయ్య కుంచించును. వలయముల వెంబడి కుంచించుట, నడిబొడ్డునుండి యంచువైపు కుంచించుటకు సుమారు రెండింతలుండును. అందుచేతనే గుండ్రని దుంగ నడిబొడ్డునుండి చీలును. దుంగ చివరలనుండి తేమ త్వరగా పోవును గాన, అచ్చట మైనము గాని రంగు గాని పూసి నీడను నిలువ చేయవలయును. ఐరోపాలో మధ్యయుగపు శిల్పులు పెద్ద కొయ్యబొమ్మల వీపు తొలిచి గుల్ల చేసిరి. పగులు రాకుండుటకే ఆ యుపాయము. మన తీరమున గాలిలో తేమ హెచ్చు. కావున వానకాలమున బిగిసిన అతుకు వేసవిలో వదులగునని యెఱిగి పని చేయవలెను.

మన యిసుకనేలలలో సరుగుడు విరివిగా నున్నది. కాని యది మిక్కిలి గట్టిది, పగులు స్వభావము గలది. నేర్చుకొనువాడు దానితో నారంభింపరాదు. వేప, నిద్రగన్నేరు, మామిడి యనుకూలములు. తరిమెనకు అంకుడు కొయ్య శ్రేష్ఠము. ఒడ్డున శిథిలమైన పాత పడవల చెక్కయు విడువదగినది కాదు. అయితే లోన దాగిన మేకులు మొదట తీయవలెను. లేనిచో ఉలియంచు చెడును, తరిమెనమీద ప్రాణాపాయము గలుగును. మన వెలిగొండలలో పెరుగు ఎఱ్ఱచందనము చెక్కుటకు మనోహరమే. కాని ప్రభుత్వానుమతి లేక దానిని నఱకుటయు, తరలించుటయు నేరము. దాని జోలికి మన పిల్లలు పోరాదని గట్టిగా చెప్పుచున్నాను.

పూర్వము తరిమెనకు ఇద్దరు కావలసి యుండిరి. ఒకడు పట్టెను లాగుచుండ, వేఱొకడు ఉలి పట్టెడివాడు. కొయ్య ముందునకును వెనుకకును తిరుగును గాన సగము కాలమే ఉలి తెగెడిది. విద్యుచ్ఛక్తితో నడుచు తరిమెన యెడతెగక యొకేవైపు తిరుగును. పని త్వరితమైనది, అపాయమును పెరిగినది. నిమిషమునకు 1000 మారులు తిరుగు యంత్రముమీద 3 అంగుళముల కొయ్య యంచు నిమిషమునకు సుమారు 785 అడుగులు పోవును. 12 అంగుళముల దిమ్మె యంచు సుమారు 3,140 అడుగులు పోవును. కావున దిమ్మె పెద్దదైన కొలది వేగము తగ్గింపవలెను. ఉత్తరీయము, వదులు చేతుల చొక్కా, వ్రేలాడు యజ్ఞోపవీతము యంత్రము దరి చేరరాదు. కొయ్యధూళి క్యాన్సరు కారకమని అంతర్జాతీయ పరిశోధనసంస్థ 1995లో నిర్ణయించినది. ముక్కునకు గుడ్డ కట్టుకొనుట పిరికితనము గాదు.

మొదటి పాఠము గోళము. చూచుటకు సులభము, చేయుటకు కఠినము. అడ్డముగా మరల బిగించి త్రిప్పినగాని దోషము బయటపడదు. రెండవది గ్రుడ్డు. మూడవది, ఒక గ్రుడ్డునకు ఇరుసు కొంచెము ప్రక్కకు జరిపి మరల త్రిప్పుట. అప్పుడే రూపము సమత్వమును విడిచి కదలినట్లు తోచును. తరిమెన యిచ్చునది గుండ్రదనము మాత్రమే. దానిని భంగపఱచి ప్రాణము పోయునది చేయి. కావున నాలుగవ పాఠమున త్రిప్పిన కొయ్యను బాడిసతో నొకవైపు చెక్కి, అర్ధచంద్రపు ఉలితో లోతు తీసి, ఆకురాయితో వంపు సరిచేయవలెను. ఉలి కొయ్యపోగు ననుసరించి పోవలెను. ఎదురుపోయినచో చీలిక లేచును. ముడి వచ్చినచో దానిని దోషముగా దాచక, దానిచుట్టును రూపమును మలచవలెను.

ఎప్పుడు చాలించవలెను? దేవతామూర్తికి నేత్రోన్మీలనముతో పని ముగియును. దీని కట్టి గురుతు లేదు. కన్నులు మూసికొని చేతితో తడిమినపుడు వ్రేలు ఎచ్చటను కారణము లేక ఆగరాదు. ప్రొద్దుటి యెండలో త్రిప్పి చూచినపుడు నీడ ప్రతివైపునను క్రొత్తగా పడవలెను. ఈ రెండును కుదిరిన పిమ్మట ఉలిని క్రింద పెట్టుటయే నేర్పు.

మెఱుగునకు వరాహనది యొడ్డున గల ఏటికొప్పాకను చూడుడు. అచ్చటివారు తిరుగుచున్న అంకుడు కొయ్యపై లక్కపుల్ల నొత్తుదురు. రాపిడివేడిచేత లక్క కరగి పట్టుకొనును. పిదప మొగలియాకుతో మెఱుగు పెట్టుదురు. చెట్లరంగులను పునరుద్ధరించిన చింతలపాటి వేంకటపతిరాజుగారిని 2023లో పద్మశ్రీ వరించినది. మన జిల్లాలోని ఉదయగిరి చెంచాలకును పేరున్నది. అచ్చట పెక్కు ముసల్మాను కుటుంబములు, స్త్రీలును చేరి, ఈ పనిని నిలిపినవి. విద్య కులమును చూచి నిలువదు, చేయువానిని చూచి నిలుచును. ఈ మాట మన సభలోనే చెప్పుకొనుట మనకు మేలు.

"కూడు పెట్టునా?" అని యడుగుదురు. తొలినాళ్లలో ఇదియొక్కటే కూడు పెట్టదు. కుఱ్ఱవాడు పగలు తలుపులు బిగించి, సాయంకాలము రెండు గంటలు దీనికిచ్చిన చాలును. గోళము సరిగా త్రిప్పగలవాని మంచపుకోడు మునుపటికంటె చక్కగా నుండును. ఆ లాభము మొదటి సంవత్సరమే కనబడును.

కావున మూడు కోరికలు మనవి చేయుచున్నాను. మొదటిది, సంఘము పక్షమున ఒక తరిమెనయు, సానరాయియు గల సామాన్య కర్మశాల నేర్పఱచుట. 2023 సెప్టెంబరు 17వ తేదీని ఆరంభమైన కేంద్రప్రభుత్వపు విశ్వకర్మ పథకమున 18 వృత్తులలో వడ్రంగము, పడవపని చేరియున్నవి. శిక్షణకును, 15,000 రూపాయల పనిముట్లకును అందు వీలు కల్పింపబడినది. అర్హులైనవారికి దానిని తెలుపుట మన విధి. రెండవది, తిరుపతిలో 1960లో నెలకొల్పబడిన దేవస్థానమువారి శిల్పకళాశాలవంటి చోట్లకు మన పిల్లలను పంపి, శాస్త్రమును ముందుగా నేర్పించుట. ప్రమాణ మెఱిగినవాడే ప్రమాణమును దాటగలడు. మూడవది, ఆడపిల్లలకును ఉలి నిచ్చుట.

సోదరులారా! చెట్టు పెరుగుటకు ముప్పది యేండ్లు పట్టును. దానిని పొయ్యిలో పెట్టుటకు ఒక్క పూట చాలును. మన చేతిలోని నేర్పు అంతకంటె పాత చెట్టు. దానిని వంటచెఱకు కానీయవలదని ప్రార్థించుచున్నాను.