నీళ్ళలోకి దిగనిచ్చేదెవరు?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రీడల్లో స్త్రీల గురించి మాట్లాడమన్నారు. పి.టి. ఉష గురించో, కరణం మల్లీశ్వరి గురించో చెబుతానని మీరనుకుని ఉంటారు. వాళ్ళ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. నేను జమైకా దేశపు ఈత క్రీడాకారిణి అలియా అట్కిన్సన్ గురించి చెబుతాను.

ముందు నా సంగతి ఒకటి. మా ఊళ్ళో అన్నదమ్ములంతా నడుముకు బెండు కట్టుకుని మోటబావిలో ఈత నేర్చుకున్నారు. ఆడపిల్లలం గట్టు మీద కూర్చుని వాళ్ళ బట్టలకు కాపలా కాశాం. అరవై ఏళ్ళొచ్చినా నాకు ఈత రాదు. ఆడదానికి ఈతెందుకని అన్నవాళ్ళే, బట్టలుతకడానికి కాలువలో దిగిన మనిషి కొట్టుకుపోతే ‘పాపం, ఈత రాదు’ అంటారు. ఎందుకు రాదో మాత్రం ఎవరూ అడగరు.

జమైకా ఒక దీవి. చుట్టూ సముద్రమే. అక్కడి జనంలో ఎక్కువమంది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి. పరుగు పందాలనగానే ఆ దేశం పేరు చెబుతాం, ఈత అంటే మనకు గుర్తుకు రాదు. నల్లవాళ్ళ శరీరం నీటి మీద తేలదని చాలాకాలంగా ఒక మాట ఉంది. 1987లో అమెరికాలో అల్ కాంపనిస్ అనే బేస్‌బాల్ అధికారి ఆ మాట టెలివిజన్‌లోనే అన్నాడు. అతని ఉద్యోగమైతే పోయింది గానీ ఆ మాట పోలేదు.

శరీరం సంగతి అలా ఉంచి, కొలను గేటు సంగతి చూడండి. 1964లో ఫ్లోరిడా రాష్ట్రం సెయింట్ అగస్టీన్ పట్నంలో, తెల్లవాళ్ళకే పరిమితమైన ఒక మోటెల్ కొలనులోకి నల్లవాళ్ళూ, వాళ్ళకు తోడుగా వచ్చిన కొందరు తెల్లవాళ్ళూ నిరసనగా దిగారు. మోటెల్ మేనేజరు ఆ నీళ్ళలో యాసిడ్ పోశాడు. ఒక తరాన్ని దిగనివ్వకపోతే ఆ తరం తమ పిల్లలకేం నేర్పుతుంది? 1927 నాటి మహద్ చెరువూ, 1985 నాటి కారంచేడు చెరువూ తెలిసిన మనకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

అలియా 1988 డిసెంబరులో జమైకాలో పుట్టింది. హైస్కూలు చదువు ఆ ఫ్లోరిడాలోనే. ఆమె ఈత బ్రెస్ట్‌స్ట్రోక్. కప్ప ఈదినట్టు రెండు చేతులూ కలిపి ముందుకు చాచాలి, రెండు కాళ్ళూ కలిపి వెనక్కి తన్నాలి. మలుపులోనూ, చివరలోనూ రెండు చేతులూ ఒకేసారి గోడకు తగలాలి. ఒక చెయ్యి ముందు తగిలితే ఈదినదంతా వృథా. పోటీ ఈతలు నాలుగింటిలోకీ నెమ్మదైనదిదే.

2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్ళేనాటికి ఆమెకు పదిహేనేళ్ళు. 2012లో లండన్‌లో 100 మీటర్ల సెమీఫైనల్లో కెనడా అమ్మాయి టెరా వాన్ బీలెన్‌తో సరిసమానంగా వచ్చింది. ఉన్నది ఒక్క చోటు. ఇద్దర్నీ మళ్ళీ ఈదమన్నారు. అలియా గెలిచి ఫైనల్‌కు వెళ్ళింది, నాలుగో స్థానంలో ఆగింది. నాలుగో స్థానానికి పతకం లేదు, ఫొటో కూడా ఉండదు. అప్పుడు మానేసి ఉంటే మనమెవరం ఆమె పేరు వినేవాళ్ళం కాదు.

2014 డిసెంబరు 6న దోహాలో, 25 మీటర్ల కొలనులో జరిగే ప్రపంచ పోటీలు. 100 మీటర్లంటే అక్కడ నాలుగు నిడివులు. పక్కన లిథువేనియాకు చెందిన రూతా మెయిలుటైట్, లండన్‌లో పదిహేనేళ్ళకే స్వర్ణం గెలిచిన పిల్ల. అలియా 1 నిమిషం 2.36 సెకన్లలో గోడను తాకింది. సెకనులో పదో వంతు తేడాతో గెలిచింది. అది రూతా పేరున ఉన్న ప్రపంచ రికార్డుకు సరిగ్గా సమానం. ఈతలో ప్రపంచ టైటిల్ గెలిచిన మొట్టమొదటి నల్లజాతి స్త్రీ ఆమె.

పత్రికలన్నీ ఆ ‘మొట్టమొదటి’ అన్న మాటను పండగ చేసుకున్నాయి. నాకు మాత్రం సంతోషంతో పాటు కోపమూ వచ్చింది. ప్రపంచ ఈత పోటీలు మొదలైంది 1973లో. మొదటి మనిషి రావడానికి నలభై ఏళ్ళు దాటిందంటే ఆ నలభై ఏళ్ళ లెక్క ఎవరు చెప్పాలి?

మరుసటి ఏడాది కజాన్‌లో 50 మీటర్ల కొలనులో ఆమెకు ఒక రజతం, ఒక కాంస్యం. 2018లో, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, బుడాపెస్ట్‌లో 50 మీటర్లను 28.56 సెకన్లలో ఈదింది. 25 మీటర్ల కొలనులో అప్పటికది ప్రపంచ రికార్డు. ఐదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నా ఒక్క పతకమూ రాలేదు. 2021 డిసెంబరులో, ముప్ఫై మూడేళ్ళకు, పోటీల నుంచి తప్పుకుంది.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. ఒత్తైన ఉంగరాల జుట్టు, జడలు పట్టేలా సోల్ క్యాప్ అనే పెద్ద టోపీ లండన్‌లో అంతకుముందే తయారైంది. అంతర్జాతీయ ఈత సమాఖ్య దానికి అనుమతి నిరాకరించింది. తల సహజ ఆకారానికి అది సరిపడదని చెప్పిన కారణం. ఎవరి తల సహజమైనదని వాళ్ళ ఉద్దేశం? ప్రపంచమంతా అడిగాక 2022లో అనుమతించారు. టోపీ చిన్న విషయమనుకోకండి. నూనె పెట్టిన జడ కొలను టోపీలో పట్టక తలుపు దగ్గరే వెనక్కి తిరిగిన ఆడపిల్లల్ని నేనే చూశాను.

మా పట్నంలో ఒక ఈత కొలనుంది. స్త్రీలకిచ్చిన సమయం పగలు పదకొండు నుంచి పన్నెండు. నేర్పేది మగవాడే. ఆఫీసుకెళ్ళి అడిగితే, “ఆడవాళ్ళు రావడం లేదమ్మా, అందుకే ఒక గంటే పెట్టాం” అన్నాడు గుమాస్తా. ఆ గంటలో వాళ్ళింట్లో వంట ఎవరు చేస్తారని అడిగాను. నవ్వాడు తప్ప జవాబు చెప్పలేదు. సాయంత్రం ఒక గంట, నేర్పడానికి ఒక స్త్రీ కావాలని అర్జీ పెట్టి మూడు నెలలైంది. ఇప్పుడు రెండోది రాశాం. కాగితం అదిగో ఆ బల్ల మీద ఉంది. భోజనాలకు వెళ్ళేముందు సంతకాలు పెట్టండి.