నానో కణములు - ఆందోళన వ్యాధి చికిత్స
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



కారణము లేని భయము, గుండెదడ, నిద్రలేమి నెలల తరబడి మనిషిని పీడించినచో వైద్యులు దానిని ఆందోళన వ్యాధి యందురు. దీనిని గాలి సోకుట యనియో, పిరికితనమనియో తలచువారు గ్రామములలో ఇంకను కలరు. ఇది వ్యాధియే కాని రోగి దోషము కాదు. దీనికి నానో కణములతో మెదడు చికిత్స చేయవచ్చునను మాట నేడు వినబడుచున్నది. అందలి నిజానిజములను మీకు విన్నవింపదలచినాము.

మీటరులో నూరు కోట్లవ వంతు నానోమీటరు. తలవెంట్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. మెదడు కణములు విద్యుత్ సంకేతములతో పనిచేయును. కొన్ని వ్యాధులలో శస్త్రచికిత్స చేసి, మెదడులో సన్నని తీగలనమర్చి, విద్యుత్తుతో ఆ సంకేతములను సరిదిద్దుదురు. తీగలు లేకుండ ఈ పని చేయుటకు శాస్త్రజ్ఞులు ప్రయత్నించుచున్నారు.

2015లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పోలినా అనికీవా బృందము చిట్టెలుకల మెదడులోనికి ఇనుప ఆక్సైడు నానో కణములను ఎక్కించెను. వెలుపలినుండి అయస్కాంత శక్తిని ప్రయోగింపగా అవి వేడెక్కి, ప్రక్కనున్న మెదడు కణములను ప్రేరేపించినవి. వేడిమిని, మిరప కారమును పసిగట్టు గ్రాహకమే ఇందుకు తోడ్పడినది. కాని ఆ గ్రాహకపు జన్యువును ముందుగా వైరసు ద్వారా మెదడులో ప్రవేశపెట్టవలసి వచ్చినది. ఇట్టి పద్ధతి మనుష్యులకు సురక్షితమని ఇంకను రుజువు కాలేదు.

కావున ఆందోళన వ్యాధికి నానో కణముల మెదడు చికిత్స నేటికిని పరిశోధనశాల దాటి రాలేదు. ఆ పేర సొమ్మడుగువారిని నమ్మి ఎవరును పొలము తాకట్టు పెట్టకుండ చూడుడు.

అట్లని నిరాశ వలదు. శిక్షణ పొందినవారు రోగితో క్రమముగ మాటలాడి భయమును తగ్గించు పద్ధతియు, తగిన మందులును పెక్కుమందికి మేలు చేయుచున్నవి. వైద్యుని సలహా లేక మందులను హఠాత్తుగా మానరాదు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులో ఉచితముగా సలహా లభించును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ వైద్య సేవలను పొందు హక్కును ప్రతివారికి కల్పించినది.

ఈ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. గ్రామసభలో చదివి వినిపింపుడు. ఆశా కార్యకర్త సహాయమున రోగిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. రోగిని ఎగతాళి చేయువారిని వారింపుడు. వీనికి ఏ నూతన యంత్రమును అక్కరలేదు. మీ పూనిక చాలును.