తంతిలేని సంకెల
(గ్రంథాలయ సభయందు సేవకుల యెదుట చేసిన ఉపన్యాసము)



దొంగ యనగా రాత్రివేళ గోడకు కన్నము వేయువాడని మన పెద్దలెరుగుదురు. నేటి దొంగ పట్టపగలు మన చేతిలోని టెలిఫోనునుండి పేరుపెట్టి పిలిచి, మనచేతనే పెట్టె తాళము తీయించుచున్నాడు. బహుమతి వచ్చెననియు, కరెంటు తీసివేయుదుమనియు వచ్చు పిలుపులను గూర్చి మీరు వినియేయున్నారు. వానికి ఒక్కమాట చాలును: ఓటీపీ అడిగినవాడు బ్యాంకువాడు కాడు. నేడు మేము చెప్పదలచినది వీనియన్నిటికంటె క్రూరమైన "డిజిటల్ అరెస్టు" అను మోసమును గూర్చి.

మీ పేర పోవుచున్న పార్సెలులో మత్తుపదార్థములు దొరికినవనియో, మీ ఆధారుతో తీసిన సిమ్ము నేరమునకు వాడబడినదనియో ఒకడు చెప్పును. వెంటనే మరియొకడు వీడియోలో ఖాకీ దుస్తులతో ప్రత్యక్షమగును. సుప్రీంకోర్టు ముద్రతో వారెంటు వచ్చును. కెమెరా యెదుటినుండి కదలరాదు, ఇంటిలో ఎవ్వరికిని చెప్పరాదు, చెప్పినచో వారును ముద్దాయిలే యని గద్దించును. పిదప, విచారణ ముగియువరకు సొమ్మంతయు "ప్రభుత్వపు ఖాతా"కు పంపుమనును.

ఇది పామరులకు మాత్రమే పట్టిన పీడ కాదు. 2024లో లూధియానాలో వర్ధమాన్ వస్త్రసంస్థాధిపతి ఎస్. పి. ఓస్వాల్ గారికి ఈ మాయావులు కల్పిత సుప్రీంకోర్టునే చూపి, ప్రధాన న్యాయమూర్తి వేషమునే కట్టి, 7 కోట్ల రూపాయలు కాజేసిరి. ఆయన సిగ్గుపడి యూరకుండక ఫిర్యాదు చేయుటచే అందులో 5 కోట్లకు పైగా తిరిగి దొరకినది.

ఇంతటివారేల లొంగిరి? ఎర్రతలపాగాను చూచి వీధి వీధియే తలుపులు వేసికొనిన కాలము మన తాతలది. తలపాగా పోయినది, భయము మాత్రము పోలేదు. ఆ భయమే ఈ దొంగల మూలధనము. చట్టమేమనుచున్నదో ఎరిగిన దానిలో సగము తొలగును.

అరెస్టు చేయు అధికారి మనిషిని తాకవలెను, లేక నిర్బంధింపవలెను. ఆ మనిషి మాటచేత గాని చేతచేత గాని స్వయముగా లోబడిననే ఇది యక్కరలేదు. పరాయి ప్రభువులు చేసిన 1898 నాటి శిక్షాస్మృతి విధానమందే ఈ నియమము కలదు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షనులోను ఇదియే కలదు. ఎన్నడును మన గుమ్మము తొక్కని బొమ్మకు లోబడుట చట్టమెరిగిన లోబాటు కాదు. అరెస్టునకు పత్రము వ్రాయవలెను, దానిపై సాక్షి సంతకము వలయును, బంధువులకు తెలుపవలెను. కోరిన న్యాయవాదితో మాటలాడు హక్కును, 24 గంటలలో మేజిస్ట్రేటు యెదుట నిలుపబడు హక్కును రాజ్యాంగపు 22వ అధికరణమే ఇచ్చుచున్నది. కావున "ఎవ్వరికిని చెప్పకుము" అను మాటయే దొంగకు గుర్తు. నిజమైన పోలీసు చెప్పవలసినది దానికి సరిగా విరుద్ధము! విచారణకు రమ్మను పోలీసు నోటీసు వాట్సాపు ద్వారా పంపిన చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టము చేసెను. ఆ యేడే డిసెంబరు 1న ఈ మోసముల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించెను. ఏ సంస్థ పేరుతో దొంగలు బెదిరించుచుండిరో ఆ సంస్థయే వారిని వెదకవలసి వచ్చినది.

ఇక ఆ గొంతు ఎవరిది? మాకు మిక్కిలి బాధ కలిగించునది ఇదియే. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు ఒక దారుణమును వెలికిదీసిరి. కంప్యూటరు ఉద్యోగమని నమ్మించి, మన యువకులను కంబోడియాకు కొనిపోయి, అచ్చట బంధించి, ఇట్టి పిలుపులు చేయించుచుండిరి. పిలుచువాడును ఒక్కొక్కయెడ బందీయే. విదేశోద్యోగమునకు పోవు పిల్లవానిని ఏజెంటును గూర్చి నాలుగు ప్రశ్నలడుగుడు. కొలదిపాటి కమీషనుకు బ్యాంకు ఖాతాను అద్దెకిచ్చు కుర్రవానిని మరింత గట్టిగా మందలింపుడు. దొంగసొమ్ము మొదట చేరునది ఆ ఖాతాలోనికే, పోలీసులు మొదట వచ్చునదియు ఆ యింటికే.

సొమ్ము పోయినచో నిమిషములే విలువైనవి. అది ఒక ఖాతానుండి పది ఖాతాలకు చీలి, నగదై మాయమగును. వెంటనే 1930 సంఖ్యకు పిలిచి, ఏ బ్యాంకునుండి, ఎంత, ఎన్ని గంటలకు పోయెనో, లావాదేవీ సంఖ్య ఏదో చెప్పవలెను. సొమ్ము ఇంకను ఖాతాలలో నున్నంతవరకు దానిని నిలుపుదల చేయించు ఏర్పాటు అందు కలదు. పిదప సైబరు నేరముల జాతీయ పోర్టలులో ఫిర్యాదు దాఖలు చేసి, దాని సంఖ్యను వ్రాసికొనవలెను. మా పరిధి కాదని ఏ ఠాణావారైన నన్నచో ఒప్పుకొనకుడు. సంహిత 173వ సెక్షను ప్రకారము నేరమెచ్చట జరిగినను సమాచారమును స్వీకరింపవలసినదే. సొమ్ము పోకుండ పిలుపు మాత్రమే వచ్చినను, సంచార్ సాథీలోని చక్షు విభాగమునకు తెలుపుడు; మీకు తప్పిన వేటు మరియొకరికి తగులవచ్చును.

సేవకులారా! ఇంటింటికి పోవునపుడు "చదువుకొని కూడ ఎట్లు మోసపోయితిరి?" అని మాత్రము అడుగకుడు. ఆ మాటకు వెరచియే యెందరో నోరు మూసికొనుచున్నారు. వృద్ధులు ఒంటరిగా నున్న యిండ్లకు ముందు పొండు. 1930 అను సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాసి గోడకంటింపుడు. ఫిర్యాదు వ్రాసికొనలేనివారు ఏ సాయంకాలమైనను ఈ గ్రంథాలయమునకు రావచ్చును. మాలో నొకరు కూర్చుండి వ్రాసిపెట్టుదురు, రుసుము లేదు. బ్యాంకు పుస్తకమును, ఆ పిలుపు వచ్చిన టెలిఫోనును మాత్రము వెంట తెచ్చుకొనుడు. అందలి సందేశములను చెరిపివేయవలదు.