ఫ్రేములు ఎక్కడ పోతున్నాయి?

(గుడి కమ్యూనిటీ హాల్లో టెక్నాలజీ వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

కొన్ని నెలలుగా మేము నలుగురైదుగురం వాలంటీర్లం ఆదివారాలు లైబ్రరీ గదిలో కూర్చుని సభ్యుల పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నామని మీలో చాలామందికి తెలుసు. ఇంట్లోనే చేసుకుందామని యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బా కొనుక్కున్నవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు. వాళ్ళందరూ మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "బాబూ, ఏదో డ్రాప్డ్ ఫ్రేమ్స్ అని అంకె పెరుగుతూ పోతోంది, పరవాలేదా?" ఈ రోజు ఆ ఒక్క సంగతే మాట్లాడుకుందాం.

వీడియో అంటే వరసగా చూపించే ఫోటోలు. అమెరికాలో తీసిన క్యాసెట్‌లో సెకనుకు 29.97, ఇండియాలో తీసినదానిలో సెకనుకు 25. ఒక్కో ఫోటోని ఫ్రేమ్ అంటాం. క్యాసెట్ ఆడుతుండగా కంప్యూటర్ ఏదో ఒక ఫ్రేమ్‌ని అందుకోలేకపోతే అది డ్రాప్ అయినట్టు. రెండు గంటల పెళ్ళిలో ఒకటి రెండు పోతే కంటికి కనిపించదు. ముప్పై పోతే బొమ్మ ఒక సెకను కురచ అవుతుంది. శబ్దం మాత్రం పూర్తిగానే ఉంటుంది. అక్కడినుంచి బొమ్మ ముందు, మాట వెనక.

ఒకావిడ వాళ్ళమ్మగారు మాట్లాడిన ఏకైక క్యాసెట్ పట్టుకొచ్చారు. ఇదివరకే డబ్బిచ్చి ఒకచోట డీవీడీ చేయించుకున్నారట. మొదట్లో బాగానే ఉంది, చివరి అరగంటలో పెద్దావిడ పెదవులు మూసుకున్నాక మాట వినిపిస్తోంది. "మా అమ్మకి ఎవరో డబ్బింగ్ చెప్పినట్టుంది" అన్నారావిడ. అందుకే మేము ఆ అంకెని తేలిగ్గా తీసుకోం. ఇంకో సంగతి, ఈ పనికి గడువుంది. వీసీఆర్‌లు తయారుచేస్తూ మిగిలిన చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జూలైలో ఆపేసింది. ఇప్పుడున్న వీసీఆర్‌లన్నీ పాతవే, వాటి హెడ్లు అరిగిపోతూ ఉన్నవే.

ఫ్రేములు పోతుంటే చాలామంది ముందు కొత్త కంప్యూటర్ కొంటారు. దయచేసి ఆగండి. ముందు తేల్చుకోవలసింది తప్పు క్యాసెట్‌దా, కంప్యూటర్‌దా అని. దానికి మేము చేసే పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఒకే క్యాసెట్‌లో ఒకే పది నిమిషాలు రెండుసార్లు క్యాప్చర్ చేయండి. వర్చువల్‌డబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డ్రాప్ అయిన ఫ్రేములు, చొప్పించిన ఫ్రేములు విడివిడిగా లెక్క చూపిస్తుంది. అంకె పెరిగినప్పుడల్లా తెర మీద ఏం జరుగుతోందో కాగితం మీద రాసుకోండి: తలంబ్రాల దగ్గర, మావయ్య నవ్వినప్పుడు, అలాగ. రెండుసార్లూ అవే చోట్ల పోతే తప్పు క్యాసెట్‌ది, లేదా వీసీఆర్‌ది. వేర్వేరు చోట్ల పోతే కంప్యూటర్‌ది. ఎక్కడా గుంపుగా కాక, గడియారం కొట్టినట్టు సమానమైన ఎడంలో ఒక్కొక్కటే పోతుంటే అది శబ్దం గొడవ. చొప్పించిన ఫ్రేము అంటే ముందు ఫ్రేమునే మళ్ళీ అతికించడం. దానివల్ల మాట కలుస్తుంది కానీ పోయిన బొమ్మ తిరిగి రాదు, కాబట్టి ఆ అంకెనీ చూడండి.

కంప్యూటర్ తప్పయితే సులువే. కంప్రెస్ చేయని వీడియో సెకనుకు సుమారు 20 మెగాబైట్లు, గంటకు 75 గిగాబైట్లు. ఇప్పటి కంప్యూటర్‌కి ఈ వేగం పెద్ద లెక్క కాదు. మరి ఎందుకు పోతాయి? సగటు వేగం చాలదు, ఒక్క క్షణం కూడా ఆగకూడదు. యాంటీవైరస్ ఆ ఫైలునే తనిఖీ చేయడానికి లేచినా, క్లౌడ్ సింక్ దాన్ని పైకి ఎక్కించడం మొదలెట్టినా అరసెకను తడబాటు చాలు, పది పదిహేను ఫ్రేములు గల్లంతు. కాబట్టి ఆ రెండూ ఆపండి. క్యాప్చర్ డబ్బాని యూఎస్‌బీ హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్‌కి పెట్టండి. ఫైలుని బయటి డిస్కులోకి రాయకండి, లోపలి ఎస్ఎస్‌డీలోకి రాయండి. ప్రివ్యూ కిటికీ ఆపేయండి. ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ ఆదా మోడ్‌లో ఉంచకండి. అన్నిటికన్నా ముఖ్యం, క్యాప్చర్ చేస్తూనే చిన్న ఫైలుగా కుదించమని దాన్ని పరుగెత్తించకండి. హఫ్‌వైయూవీ, లాగరిత్ లాంటి నష్టం లేని కోడెక్‌లో దింపుకుని, వాట్సాప్‌లో పంపుకునే చిన్న ఫైలు తీరిగ్గా రాత్రి చేసుకోవచ్చు.

శబ్దం గొడవ ఏమిటంటే, కొందరు బొమ్మని యూఎస్‌బీ డబ్బా నుంచి, శబ్దాన్ని కంప్యూటర్ మైకు రంధ్రం నుంచి తీసుకుంటారు. రెండిటికీ రెండు గడియారాలు. ఎంత మంచివైనా రెండు గడియారాలు గంటసేపు ఒకే అడుగు వేయవు. సాఫ్ట్‌వేర్ ఆ తేడాని సర్దడానికి ఒక్కో ఫ్రేముని తీసేస్తుంది, లేదా కలుపుతుంది. రెండూ ఒకే డబ్బా నుంచి తీసుకుంటే చాలావరకు తీరిపోతుంది.

ఇక క్యాసెట్. అసలు కష్టం ఇక్కడే. వీసీఆర్‌లో హెడ్ల డ్రమ్ము నిమిషానికి దాదాపు 1800 చుట్లు తిరుగుతూ సెకనుకు 15 వేలకు పైగా గీతలు చదువుతుంది. ముప్పై ఏళ్ళ టేపు ఒకచోట సాగి ఉంటుంది, ఒకచోట ముడుచుకుని ఉంటుంది. గీతలు ఒకటి ముందు, ఒకటి ఆలస్యంగా వస్తాయి. పాత ట్యూబు టీవీ అనుభవమున్న నట్టువనార్ లాంటిది, పిల్ల కాస్త తడబడితే తాళాన్ని సర్దుకుని ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చేస్తుంది. క్యాప్చర్ డబ్బాకి ఆ పెద్దమనసు లేదు. లెక్క తప్పగానే ఆ ఫ్రేముని వదిలేస్తుంది. "మా టీవీలో బాగానే కనిపించిందే!" అని మీరు అనడమూ నిజమే, ఇక్కడ ఫ్రేములు పోవడమూ నిజమే.

మొదట క్యాసెట్‌ని ఈ చివరినుంచి ఆ చివరికి ఒకసారి చుట్టి మళ్ళీ వెనక్కి చుట్టండి, టేపు బిగువు సమం అవుతుంది. ట్రాకింగ్ సర్దండి. హెడ్లు శుభ్రం చేయాలంటే దూది పుల్లలు వాడకండి, పోగులు చిక్కుకుని హెడ్డే విరగవచ్చు. మెత్తని షామీ తోలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. అలవాటు లేకపోతే మా దగ్గరికి తీసుకురండి. తర్వాత వేరే వీసీఆర్‌లో పెట్టి చూడండి. ఒకదానిలో ఏడిపించిన క్యాసెట్ ఇంకోదానిలో నోరెత్తకుండా ఆడిన సందర్భాలు మాకు చాలా ఉన్నాయి. టేపు ఆదా చేయడానికి రెండు గంటల క్యాసెట్‌లో ఆరు గంటలు రికార్డు చేసినవైతే మరీను, వాటి ట్రాకులు సన్నం.

అదీ పనిచేయకపోతే టైమ్ బేస్ కరెక్టర్ పెట్టాలి. వంకరగా వచ్చిన గీతల్ని కాసేపు దాచుకుని వరసగా పంపే యంత్రం ఇది. కొన్ని ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్‌లలో లోపలే ఉంటుంది, అయితే అది ఎక్కువగా గీతలనే సర్దుతుంది. మొత్తం ఫ్రేముల లయని నిలబెట్టే రకం వేరు, ఖరీదెక్కువ. చౌకదారి కావాలంటే పానాసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 లాంటి పాత డీవీడీ రికార్డర్లు ఉన్నాయి. రికార్డు చేయకుండా, వీసీఆర్‌కీ క్యాప్చర్ డబ్బాకీ మధ్యలో ఊరికే పెట్టి బొమ్మని దానిగుండా పంపితే చాలు. పాత సామాన్ల షాపుల్లో కనిపిస్తే వదలకండి.

రెండు రికార్డింగుల మధ్య ఖాళీ టేపు దగ్గర, చుక్కల వాన కురిసే చోట, ఎలాగూ ఫ్రేములు పోతాయి. అక్కడ పోయేది ఏమీ లేదు, కానీ ఆ తర్వాత మాట కలవకపోవచ్చు. అలాంటిచోట ఆపి, తర్వాతి భాగాన్ని కొత్త ఫైలుగా మొదలుపెట్టండి.

ఇండియా నుంచి వచ్చిన పెళ్ళి క్యాసెట్లకి ఇంకో మెలిక. అవి పాల్ పద్ధతివి, ఇక్కడి వీసీఆర్లు ఎన్‌టీఎస్‌సీవి. మామూలు వీసీఆర్‌లో పెడితే బొమ్మ దొర్లుతుంది, డబ్బా ఫ్రేములు పారబోస్తుంది. అది క్యాసెట్ పాడవడం కాదు. రెండూ చదివే వీసీఆర్ కావాలి, సాఫ్ట్‌వేర్‌లో కూడా పాల్ అని మార్చాలి. అప్పట్లో చాలామంది షాపులో కన్వర్ట్ చేయించి తెచ్చుకున్న కాపీ మాకిస్తుంటారు. అసలుది ఇండియాలో అన్నయ్యగారి బీరువాలో ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు దాన్నే తీసుకురండి, చెకిన్‌లో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోండి. కాకినాడ, బందరు లాంటి తీరపు ఊళ్ళ తేమలో ఉన్న క్యాసెట్‌కి కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి మచ్చలు కనబడవచ్చు. అది బూజు. దాన్ని ఏ వీసీఆర్‌లోనూ పెట్టకండి, హెడ్లకి అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకీ పాకుతుంది. వేరే సంచిలో కట్టి మాకు చెప్పి ఇవ్వండి.

ఆ పెద్దావిడ క్యాసెట్ సంగతి అడుగుతారని తెలుసు. రెండుసార్లు నడిపితే అవే ఏడు చోట్ల ఫ్రేములు పోయాయి. వీసీఆర్ మార్చి, మధ్యలో డీవీడీ రికార్డర్ పెట్టాక రెండు చోట్లకి తగ్గింది, ఆ రెండూ ఖాళీ టేపులోవే. కొత్త ఫైలులో మాట పెదవులతో కలిసే ఉంది.

వచ్చే ఆదివారం నుంచి ఇంటికి రెండు క్యాసెట్ల చొప్పున తీసుకుంటాం. మీద ఊరు, సంవత్సరం, ఎవరి పెళ్ళో రాసి తీసుకురండి. పని అయ్యాక క్యాసెట్ వెనక్కి ఇస్తాం, దాన్ని పారేయకండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా వచ్చి మా పక్కన కూర్చుంటే మంచిది. మేము అంకెలు చూస్తుంటాం, తెర మీద ఉన్నది ఎవరో మీరు చెబితే రాసుకుంటాం.