అట్లాంటిక్ మీద రాకపోకలు

లండను, న్యూయార్కు నగరముల నడుమ ఆకాశమార్గమున దూరమెంత యని అడిగినచో సమాధానము సులభము: సుమారు 5,550 కిలోమీటర్లు. ప్రయాణమునకు ఎంత కాలము పట్టునని అడిగినచో మాత్రము, ఎటునుండి ఎటు పోవువారని మనము తిరిగి ప్రశ్నింపక తప్పదు. నేటి విమానము న్యూయార్కునుండి లండనుకు వచ్చుటకు ఆరున్నర, ఏడు గంటలు చాలును. తిరిగి పోవుటకు ఏడున్నర, ఎనిమిది గంటలు కావలెను.

భూమి తూర్పునకు తిరుగుచున్నది గదా, పడమటికి పోవువారికి ఊరే ఎదురు రావలదా యని కొందరు వాదింతురు. గాలియు భూమితోపాటే తిరుగుచుండును గనుక ఆ వాదము నిలువదు. తేడాకు కారణము వేరు. ఆ అక్షాంశములలో పది కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు ఒక వాయుప్రవాహము సాగుచుండును. శీతకాలమున దాని వేగము గంటకు 200 కిలోమీటర్లను మించుటయు కలదు. జపాను శాస్త్రజ్ఞుడు ఒయిషి బెలూనులను ఎగురవేసి ఇట్టి ప్రవాహమును గుర్తించి, 1926లో తన నివేదికను ఎస్పరాంటో భాషలో ప్రకటించెను. పాపము, చదివినవారు అరుదు!

అంత ఎత్తునకు పోజాలని తొలినాటి విమానములకును పడమటి గాలి బెడద తప్పలేదు. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనువారు న్యూఫౌండ్లండునుండి ఐర్లండునకు పదునారు గంటలలో చేరిరి. వారిది తూర్పు దిక్కు. 1927 మే 8న ప్యారిస్‌నుండి న్యూయార్కునకు బయలుదేరిన నుంజెసెర్, కోలీ ఏమైరో నేటికిని తెలియదు. పండ్రెండు దినములకు లిండ్‌బర్గ్ న్యూయార్కున బయలుదేరి, ముప్పది మూడున్నర గంటలలో ప్యారిస్‌లో దిగి లోకప్రసిద్ధుడయ్యెను. సాహసమున ఆ ఫ్రెంచివారు ఆయనకు తీసిపోయిరని మనము అనజాలము. పడమటికి ఆగక సముద్రము దాటిన మొదటి విమానము 'బ్రెమెన్'. 1928 ఏప్రిల్‌లో ఐర్లండు విడిచిన ఆ విమానమును, ముప్పదియారు గంటల పిమ్మట, న్యూయార్కు చేరకయే కెనడాలోని గ్రీన్లీ దీవిపై దింపవలసివచ్చెను.

జెట్ విమానములు వచ్చిన తరువాతను గాలి తన సుంకము మానలేదు. 1958 అక్టోబరు 4న కామెట్ విమానములు రెండు ఎదురెదురుగా బయలుదేరెను. తూర్పునకు వచ్చినది 6 గంటల 12 నిమిషములలో చేరినది. పడమటికి పోయినది ఇంధనమునకై గ్యాండరులో దిగి, 10 గంటల 22 నిమిషములు తీసికొన్నది. 2020 ఫిబ్రవరి 9న మాత్రము ఒక బోయింగ్ 747 విమానము తుఫాను గాలి వెన్ను తట్టగా, న్యూయార్కునుండి 4 గంటల 56 నిమిషములలోనే లండనుకు వచ్చినది.

ఇక దారి సంగతి. పిల్లల భూగోళమును తెచ్చి, రెండు నగరముల నడుమ దారము బిగించి చూడుడు. అది ఐర్లండు మీదుగా ఉత్తరమునకు వంగి న్యూఫౌండ్లండును దాటును. పటములో వంకరగా తోచు ఆ దారియే దగ్గరిది. అయినను దగ్గరి దారి త్వరితమైన దారి కానక్కరలేదు. గ్యాండరు, షాన్విక్ కేంద్రములు గాలి పోకడను బట్టి ఏ దినమునకు ఆ దినము సముద్రముపై మార్గములు నిర్ణయించును. ఎదురుగాలిని తప్పించుకొనుటకై పడమటి విమానము ఒక్కొక్కనాడు గ్రీన్లండు దక్షిణాగ్రము వరకు ఎగబ్రాకును. ఆనాటి ప్రయాణికులకు ఆలస్యముతోపాటు, మబ్బు లేనిచో, కిటికీలోనుండి మంచుకొండలును దక్కును.