హిమవంతుని ఇంటి అన్నం

(ఏకాదశీ సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏకాదశినాడు ఉపవాసంతో కూర్చున్న మీ ముందు అన్నాన్ని గూర్చి మాట్లాడటానికి నిలబడ్డాను. ఇదేమి న్యాయమని మీలో కొందరు నవ్వుకొంటున్నారు. కాని ఇది కార్యనిర్వాహకుల ఆజ్ఞ. మన ఆలయం నుండి వచ్చే నెలలో బదరీ కేదార యాత్రకు బయలుదేరుతున్నవారు అక్కడి క్షేత్రమాహాత్మ్యాన్ని ఇప్పటికే పలుమార్లు విన్నారు. వారిలో ఒక తల్లి మొన్న నన్ను ఆపి, "పంతులుగారూ, అంతా బాగానే ఉంది గాని, అక్కడ మన భోజనం దొరుకుతుందా?" అని అడిగింది. ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు. దానికే ఈ పూట సమాధానం చెబుతాను.

తైత్తిరీయోపనిషత్తులో భృగువల్లి మీలో చాలామందికి పరిచితమే. అన్నమే బ్రహ్మమని వరుణపుత్రుడు తెలుసుకొన్న ఘట్టం అది. ఆ వల్లి చివరి భాగంలో శ్రుతి మనకు కొన్ని వ్రతాలు విధించింది. అన్నాన్ని నిందించరాదు. అన్నాన్ని త్రోసిపుచ్చరాదు. అన్నాన్ని సమృద్ధిగా పండించాలి. ఇంటికి వచ్చినవారిని కాదనరాదు. ఏ అన్నమని అక్కడ విశేషణం లేదు. సన్నబియ్యపుటన్నాన్ని మాత్రమే నిందించవద్దని శ్రుతి చెప్పలేదు. ఈ వాక్యాలను నేను నలభై ఏళ్ళు విద్యార్థులకు పాఠం చెప్పాను. వాటి అర్థం మాత్రం నాకు హిమాలయంలో, ఒక వృద్ధురాలి వంటింట్లో తెలిసింది.

ఉత్తరాఖండ్ ఇంకా ప్రత్యేక రాష్ట్రం కాని రోజులవి. నేను, నా సహధర్మచారిణి బదరీయాత్రకు వెళ్ళాము. ఆచారభంగం కారాదని బియ్యం, కందిపప్పు, చింతపండు, కిరసనాయిలు పొయ్యి సహా మోసుకొని వెళ్ళాను. బదరీనాథం సముద్రమట్టానికి 3,100 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్నది. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ కారణం చేత, మన ఊళ్ళో 100 డిగ్రీల వద్ద మరిగే నీరు అక్కడ ఇంచుమించు 90 డిగ్రీలకే మరిగిపోతుంది. నీళ్ళు తెర్లుతూనే ఉంటాయి, పప్పు మాత్రం ఉడకదు. ఇంత చిన్న విషయం తెలియక మూడు రోజులు పలుకు అన్నం, ఉడకని పప్పు తిన్నాము. నాలుగవ రోజుకు ఇద్దరికీ కడుపునొప్పి పట్టుకొన్నది.

దిగివచ్చేటప్పుడు కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయింది. పాండుకేశ్వరంలో ఆగిపోయాము. ఇది బదరీనాథానికి, జోషీమఠానికి నడుమ అలకనంద ఒడ్డున ఉన్న గ్రామం. అక్కడి యోగధ్యాన బదరీ ఆలయం ప్రసిద్ధం. ఒక పురోహితుడు మమ్మల్ని తన ఇంటికి తీసుకొనిపోయాడు. నా హిందీ అంతంతమాత్రం, ఆయనకు తెలుగు రాదు. ఇద్దరమూ సంస్కృతంలో మాట్లాడుకొన్నాము. ఆయన తల్లికి డెబ్భై ఏళ్ళు దాటాయి. ఆమె భోజనానికి రమ్మంటే, నాకు నియమం ఉన్నదని, పరాన్నం ముట్టనని చెప్పించాను. మా ఇంటావిడ నా ముఖం వైపు చూసి ఊరుకొన్నది. రాత్రి బాగా పొద్దుపోయాక పురోహితుడు ఎంతో సంకోచిస్తూ ఒక మాట చెప్పాడు. "అతిథి తినకుండా అమ్మ తినదు. పొద్దుటి నుండి అలాగే కూర్చున్నది."

ఇక లేవక తప్పలేదు. లోపలికి వెళ్ళేసరికి ఆమె ఇనుప మూకుడులో మరిగే నీళ్ళల్లో నల్లని పిండి పోసి కర్రతో కలియబెడుతున్నది. ఆ ఆవిరి నా ముఖానికి తగిలింది. ఆ వాసన నాకు తెలుసు. అది రాగి సంకటి. వాళ్ళు దానిని 'బాడీ' అంటారు. పక్కన చిన్న గిన్నెలో ఉన్నది ఉలవల పులుసు. ఉలవలను రాత్రంతా నానబెట్టి, రుబ్బి, పలుచగా కాస్తారు. దాని పేరు 'ఫాణూ'. నడుమ గుంట చేసి నెయ్యి పోసి మా ముందు పెట్టింది. మా రాయలసీమలో మెట్టరైతు ఇంట ఏ భోజనం ఉంటుందో అదే భోజనం, గంగ పుట్టిన కొండల నడుమ నా కోసం వేచి ఉన్నది. ఆ రాత్రి మా కడుపునొప్పి తగ్గింది. నాకు మరొక నొప్పి మొదలయింది. దానిని చివర చెబుతాను.

ఇప్పుడు ఆ ప్రాంతపు ఆహారాన్ని కొంచెం వివరంగా చెప్పుకొందాం. యాత్రికులు ఈ పేర్లు గుర్తుపెట్టుకొంటే అడిగి తినవచ్చు.

మొదటిది మండువా. గఢ్వాలీలో దానిని 'కోదా' అని కూడా అంటారు. ఆ పేరు విని మన కోద్రవమేమో, అంటే అరికలేమో అని నేను మొదట భ్రమపడ్డాను. అది అరిక కాదు. మనం రాగులని, చోళ్ళని, తైదలని ప్రాంతానికొక పేరుతో పిలుచుకొనే ధాన్యమే అది. దానితో చేసే నల్లని రొట్టెకు నెయ్యి, బెల్లం చేర్చి తింటారు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్లగా మరపట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. రోజంతా గడ్డిమోపులు, కట్టెమోపులు మోస్తూ కొండలెక్కే ఆ స్త్రీల ఎముకలకు బలం ఎక్కడిదో ఇక వేరే చెప్పనక్కరలేదు.

రెండవది ఝంగోరా, అంటే ఊదలు. వర్ష ఋతువులో శ్యామాకాలతో ఆగ్రయణేష్టి చేయమని మన శ్రౌతం విధించింది. ఆ శ్యామాకమంటే చామలని కొందరు, ఊదలని కొందరు అర్థం చెబుతారు. ఏదైనా ఈ జాతి చిరుధాన్యమే. దేవతలకు తొలిపంటగా అర్పించిన ధాన్యం మనకు హీనమెట్లా అయింది? ఝంగోరాను అన్నంలా వండుతారు. మజ్జిగలో ఉడికించి మన అంబలిలాగా తాగుతారు. పాలు, చక్కెర వేసి పాయసం చేస్తారు. ఆ పాయసం ఒక్కసారైనా రుచి చూడండి.

మూడవది గహత్, అంటే ఉలవలు, సంస్కృతంలో కులత్థం. ఆయుర్వేదం దీనిని ఉష్ణవీర్యమని, అశ్మరీరోగంలో హితమని చెప్పింది. చలిదేశంలో ఇదే ప్రధానమైన పప్పు కావటంలో ఆశ్చర్యం లేదు. అయితే పిత్తప్రకోపం ఉన్నవారు, కడుపులో మంట ఉన్నవారు మితంగా తీసుకోండి.

మరొకటి 'చైంసూ'. ఇది మినుములతో చేసేది. మినుములను ముందు బాగా వేయించి, బరకగా విసిరి, ఆ పిండిని ఇనుప మూకుడులో ఉడికిస్తారు. నేను కందిపప్పుతో మూడు రోజులు పడిన పాట్లు ఇక్కడ జ్ఞాపకం చేసుకోండి. ఎత్తైన కొండల్లో గింజను గింజగా ఉడికించటం కష్టం. అందుచేత ఆ ఇల్లాండ్రు నానబెట్టి రుబ్బుతారు, లేదా వేయించి విసురుతారు. పలుచని గాలి పెట్టిన ఇబ్బందికి వారు తిరగలితోను, రోటితోను సమాధానం చెప్పారు. నేను ఏ శాస్త్రంలోనూ చదువుకోని పాఠం అది.

పాలకూర, మెంతికూర వంటి ఆకుకూరలను ఉడికించి, బియ్యప్పిండి కలిపి చిక్కగా చేసేది 'కాఫులీ'. తాలింపులో ఆవాలకు బదులు 'జఖియా' అనే నల్లని గింజలు వేస్తారు. ఆ మొక్కను ఆ పురోహితుడు పెరట్లో చూపించాడు. మన చేలల్లో కలుపు అని పీకిపారేసే కుక్కవామింట అది! వసంతంలో కొండలన్నీ ఎర్రబడేలా పూసే 'బురాంశ్' పూలతో పానకం చేస్తారు. ఏకాదశీ వ్రతం వదలనివారికి చౌలాయీ గింజలున్నాయి. ఇవి తోటకూర జాతివి. రామదానా అనే చక్కని పేరు కూడా ఉంది. వీటిని పేలాలుగా వేయించి బెల్లపు పాకంతో లడ్డూలు కడతారు. కేదారనాథంలో వీటిని ప్రసాదంగా ఇస్తున్నారు. బదరీనాథంలో పచ్చి శనగపప్పు, పటికబెల్లం, తులసి ప్రసాదంగా లభిస్తాయి. బదరీనాథానికి ఎగువన ఉన్న మాణా గ్రామానికి వెళితే అక్కడి భోటియాలు ఉప్పు, వెన్న వేసిన తేనీరు తాగటం చూడవచ్చు. మన నాలుకకు అది కొత్త. వారి చలికి అది కవచం.

ఇక అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది 'అర్సా'. బియ్యం నానబోసి, దంచి, ఆ తడిపిండిని బెల్లపు పాకంలో కలిపి, నూనెలో వేయిస్తారు. పేరు చెప్పకుండా మీ ముందు పెడితే అరిసె అనే అంటారు. ఆదిశంకరులతోను, ఆ తరువాత పూజాధికారానికి వచ్చిన దక్షిణాది బ్రాహ్మణులతోను ఈ వంటకం కొండలెక్కిందని గఢ్వాలీలు చెప్పుకొంటారు. బదరీనాథంలో ప్రధానార్చకులైన రావల్ నేటికీ కేరళ నంబూద్రి. కేదారనాథంలో రావల్ కర్ణాటకానికి చెందిన వీరశైవులు. కనుక ఆ మాటను కొట్టివేయటం కూడా సులభం కాదు. పెండ్లి అయిన ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళేటప్పుడు బుట్ట నిండా అర్సాలు పెట్టి పంపుతారు. మనం సారెలో అరిసెలు పంపటం లేదూ? అలకనంద ఒడ్డున తల్లి, పెన్న ఒడ్డున తల్లి ఒకరినొకరు ఎరుగరు. ఇద్దరూ బిడ్డను ఒకే తీపితో సాగనంపుతారు.

ఈ పంటలను వారు విడివిడిగా పండించరు. 'బారహ్‌నాజా' అని ఒక పద్ధతి ఉంది. అంటే పన్నెండు ధాన్యాలు. మండువా, రామదానా, ఉలవ, మినుము, రాజ్మా, అలసంద మొదలైనవి ఒకే చేలో కలిపి విత్తుతారు. వాన తప్పి ఒకటి పోతే మరొకటి నిలుస్తుంది. పప్పుజాతి మొక్కలు నేలకు సారమిస్తాయి. మా మెట్టచేలల్లోనూ పూర్వం రాగిలో అనుము, అలసంద, కంది కలిపి చల్లేవారు. 1994లో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమించిన రోజుల్లో ఆ కొండప్రజలు, కోదా ఝంగోరా తిని అయినా ఉత్తరాఖండ్ సాధించుకొంటామని నినదించారు. బీదతనానికి గుర్తుగా ఇతరులు చూసిన ధాన్యాన్ని వారు ఆత్మగౌరవానికి పతాకంగా ఎత్తుకొన్నారు. 2023లో మండువా, ఝంగోరా, గహత్ తదితర పంటలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

అయితే ఆ మెట్ల పొలాలు క్రమంగా బీడు పడుతున్నాయి. 2001కి, 2011కి నడుమ పౌడీ గఢ్వాల్, అల్మోడా జిల్లాల్లో జనాభా పెరగకపోగా తగ్గిందని జనగణన చెప్పింది. యువకులు బ్రతుకుతెరువుకు దిగువకు వెళ్ళిపోతున్నారు. పైకి వెళ్ళే మనమేమో ఇడ్లీ, సాంబారు, ఆవకాయ కావాలని పట్టుబడుతున్నాము. యాత్రికుడు అడిగినదే అంగడిలో ఉంటుంది. వేలమంది రోజుకొక పూట మండువా రొట్టె అడిగితే ఆ చేను ఎవరో ఒకరు దున్నుతారు. అన్నాన్ని సమృద్ధిగా పండించాలన్న శ్రుతివాక్యంలో మనవంతు అదే అని నా మనవి.

ఇప్పుడు ఆ రాత్రి మొదలైన నొప్పిని గూర్చి చెబుతాను. నాకు పదమూడేళ్ళప్పుడు, పాఠశాల సెలవులకు ఇద్దరు సహాధ్యాయులను మా ఇంటికి తీసుకొని వెళ్ళాను. కరవు రోజులు. మా నాన్నగారి పౌరోహిత్యంలో వచ్చే బియ్యం ఆయనకు, అతిథులకు, నాకు సరిపోయేవి. మా అమ్మ తన కోసం సంకటి కెలుక్కొనేది. వంటింట్లో ఆ ముద్దను చూసి నా మిత్రుడు అదేమిటని అడిగాడు. నేను సిగ్గుపడి, "అది ఆవుకు పెట్టేది" అన్నాను. అమ్మ పొయ్యి దగ్గరే ఉన్నది. ఏమీ అనలేదు. కొంతసేపటికి ఆ ముద్ద తీసుకొనిపోయి నిజంగానే ఆవుకు పెట్టింది. తాను మంచినీళ్ళు తాగి పడుకొన్నది. కొడుకు ఆడిన మాట అబద్ధం కాకుండా చేసింది.

పాండుకేశ్వరంలో నా ముందు సంకటి పెట్టి, నేను మొదటి ముద్ద తినేదాకా తాను తినకుండా కూర్చున్న ఆ తల్లిని చూసినప్పుడు, నేను రెండుసార్లు ఇద్దరు తల్లులను పస్తు పెట్టానని తెలిసింది. మొదటిసారి సిగ్గుతో, రెండవసారి నియమమనే పేరుతో. అప్పటికి మా అమ్మ లేదు. ఆమెకు చెప్పుకోవలసినది ఆ వృద్ధురాలి పాదాలకు నమస్కరించి చెప్పుకొన్నాను. తెలుగులోనే చెప్పాను. ఆమెకు భాష తెలియదు. నా తల మీద చేయి పెట్టి, మరొక ముద్ద వడ్డించింది.

కనుక, "మన భోజనం దొరుకుతుందా?" అని అడిగిన తల్లీ! తప్పక దొరుకుతుంది. మనం మరచిపోయిన మన భోజనమే అక్కడ దొరుకుతుంది. ఆచారం ఉన్నవారు ఉల్లి, వెల్లుల్లి వద్దని ముందుగా చెప్పండి, సంతోషంగా అలాగే చేసి పెడతారు. మొదటిరోజు కొద్దిగా తినండి, వేడినీరు తాగండి. అభ్యాసం లేని ఎత్తులో అతిగా తినవద్దు. విస్తట్లో మిగల్చవద్దు. తిన్నాక వండిన తల్లికి ఒక నమస్కారం చేయండి. బదరీనారాయణుని దర్శనం ఆ వంటింటి నుండే మొదలవుతుందని నా విశ్వాసం.

రేపు ద్వాదశి పారణకు ఇంట్లో రాగులుంటే సంకటి కెలకండి. ముందు అమ్మకు వడ్డించండి.

స్వస్తి.