నిలబెట్టిన కారుకి బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది? వారానికి పది నిమిషాలు స్టార్ట్ చేస్తే సరిపోతుందా?

ఈ ఎపిసోడ్‌లో ఎక్కువగా తిరగని కారు గురించి మాట్లాడుకుందాం. అంటే నెలకి ఒకసారో రెండుసార్లో బయటికి తీసే కారు అన్నమాట. ఇలాంటి కార్లు మన ఇళ్ళలో బోలెడన్ని ఉన్నాయి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. మేం వచ్చినప్పుడు తిరగడానికి ఉంటుంది, ఈలోగా అమ్మానాన్నలకి అవసరానికి ఉంటుంది అని ఒక కారు కొని పెడతారు. నాన్నగారు కొన్నాళ్ళు నడుపుతారు. తర్వాత రాత్రిళ్ళు కళ్ళు ఆనడం లేదని మానేస్తారు. కారు సెల్లార్‌లో కవర్ కప్పుకుని ఉండిపోతుంది. ఎప్పుడో డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చి, డ్రైవర్‌ని పిలిచి తాళం చేతికిస్తే, సెల్ఫ్ కొట్టగానే టక్ టక్ టక్ అని చప్పుడొస్తుంది. అంతే, ఇంక కదలదు.

ఆ ఒక్క రోజు కోసమే కదా ఆ కారుని ఉంచుకున్నది! (గుండెనొప్పి లాంటిదైతే కారు ఉన్నా లేకపోయినా ముందు 108కి ఫోన్ చేయాలి, అది వేరే మాట.) ఇంకో సంగతి. ఈ మధ్య పెద్దవాళ్ళకి ఇబ్బంది లేకుండా అని ఆటోమేటిక్ కార్లు కొంటున్నారు. పాత గేర్ల బండి అయితే నలుగురు కలిసి నెట్టి, సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలితే స్టార్ట్ అయ్యేది. ఆటోమేటిక్‌ని అలా నెట్టి స్టార్ట్ చేయలేం.

"అందుకే కదండీ మేం ప్రతి ఆదివారం వాచ్‌మన్ చేత పది నిమిషాలు స్టార్ట్ చేయిస్తున్నాం" అంటారు చాలామంది. అసలు ఈ ఎపిసోడ్ చేస్తున్నదే ఆ మాట కోసం. ఆ పది నిమిషాల వల్ల బ్యాటరీ నిండదు. ఎందుకు నిండదో లెక్క వేసి చూద్దాం, పెద్ద కష్టమేమీ కాదు.

కారు ఆపి తాళం వేశాక కూడా కరెంటు కొద్దికొద్దిగా ఖర్చవుతూనే ఉంటుంది. గడియారం నడవాలి, రిమోట్ సిగ్నల్ కోసం సెంట్రల్ లాక్ చెవి ఒగ్గి ఉండాలి, అలారం మేలుకుని ఉండాలి, కంప్యూటర్ తన జ్ఞాపకాలు కాపాడుకోవాలి. మామూలుగా ఇదంతా కలిపి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా ఉంటుంది. మనం 30 అనుకుందాం. రోజుకి 24 గంటలు, వారానికి ఏడు రోజులు. గుణిస్తే వారానికి 5 ఆంపియర్ అవర్లు. చిన్న పెట్రోల్ కార్లలో ఉండేది 35 నుంచి 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. అంటే 45 ఉన్న బ్యాటరీలో కారు కదలకుండానే నెల తిరిగేసరికి దాదాపు సగం పోయిందన్నమాట.

ఇప్పుడు ఆ ఆదివారం పది నిమిషాల సంగతి. సెల్ఫ్ మోటార్ తిరగడానికి 150, 200 ఆంపియర్లు లాగుతుంది. వింటే భయం వేస్తుంది గానీ, అది ఒకటి రెండు సెకన్లే. లెక్కేస్తే 0.1 ఆంపియర్ అవర్. అది అయిదు నిమిషాల్లో తిరిగి వచ్చేస్తుంది. ఆ తిప్పలు అసలు సమస్యే కాదు. సమస్య ఆ వారమంతా కారిపోయిన 5 ఆంపియర్ అవర్లతో. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్, అదే మన పెద్దవాళ్ళు డైనమో అనేది, నెమ్మదిగా తిరుగుతుంది, కరెంటు తక్కువ తీస్తుంది. అందులోంచే ఇంజిన్ తన అవసరాలు తీర్చుకోవాలి. పైగా వాచ్‌మన్ ఏసీ వేసుకుని పాటలు పెట్టుకుని కూర్చున్నాడనుకోండి, ఇంక బ్యాటరీకి మిగిలేదేముంది? సరే, అవేమీ లేవు, బ్యాటరీకి 10 ఆంపియర్లు వెళ్ళాయనే అనుకుందాం. పది నిమిషాలకి అది 1.7 ఆంపియర్ అవర్లు కూడా కాదు. పోయింది 5, వచ్చింది ఒకటిన్నర. వారం వారం మూడున్నర చొప్పున లోటు. రెండు నెలలయ్యేసరికి 28. ప్రతి ఆదివారం స్టార్ట్ అవుతూనే ఉంది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం, లోపల బ్యాటరీ మూడోవంతుకి వచ్చేస్తుంది.

ఇంకో రెండు నష్టాలు కూడా ఉన్నాయి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తే సైలెన్సర్‌లో చేరిన నీటి తడి ఆరదు, అక్కడ తుప్పు మొదలవుతుంది. రెండోది ప్రాణం మీదికి వచ్చేది. గాలి ఆడని సెల్లార్‌లో, షట్టర్ దించిన గ్యారేజీలో ఇంజిన్ నడుపుతూ ఉంచకూడదు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, మనిషికి తెలియదు.

మరి ఏం చేయాలి? నేనైతే మొదట చెప్పేది నడపమనే. వారానికి ఒకసారి, 40 నిమిషాలు తగ్గకుండా, కాస్త ఖాళీగా ఉండే రోడ్డు మీద. హైదరాబాద్‌లో అయితే సాయంత్రం ఆరు గంటలకి అమీర్‌పేట సిగ్నల్ దగ్గర 40 నిమిషాలు నిలబడడం లెక్కలోకి రాదండి, అది ఐడిలింగే. ఆదివారం తెల్లారి ఔటర్ వైపు వెళ్ళొస్తే సరిపోతుంది. టైర్లకి, బ్రేకులకి కూడా మంచిది. అమ్మానాన్నల్ని కూర్చోబెట్టుకుని ఏ గుడికో తీసుకెళ్ళి తెచ్చే డ్రైవర్ దొరికితే ఇంకా మంచిది, వాళ్ళకీ బయటికి వెళ్ళినట్టుంటుంది.

అది కుదరదు, నెలల తరబడి కదిలే పనే లేదు అనుకుంటే, నెగటివ్ టెర్మినల్ విప్పేయండి. పైసా ఖర్చు లేదు. కారు ఆపి, తాళం తీసేసి, అయిదు పది నిమిషాలు ఆగండి. లోపలి కంప్యూటర్లు నిద్రపోవాలి. ఎక్కువ కార్లకి 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. ముందు నెగటివ్, అంటే మైనస్ గుర్తు ఉన్నది విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు అది ఆఖర్న. ఎందుకంటే కారు బాడీ అంతా నెగటివ్‌కే కలిసి ఉంటుంది. పాజిటివ్ మీద స్పానర్ పెట్టి తిప్పుతుంటే రెండో కొస బాడీకి తగిలిందనుకోండి, నిప్పురవ్వలు లేచిపోతాయి. నెగటివ్ ముందే తీసేస్తే ఆ గొడవ లేదు. తీసిన వైరు మళ్ళీ వెళ్ళి టెర్మినల్‌కి తగలకుండా గుడ్డ చుట్టండి. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం ఎప్పుడూ విప్పకండి. పాత అంబాసిడర్ల రోజుల్లో డైనమో పని చేస్తోందా లేదా అని అలా తీసి చూసేవాళ్ళు. ఇప్పటి కార్లలో కంప్యూటర్లు కాలిపోతాయి.

విప్పాక కొన్ని ఇబ్బందులు వస్తాయి, ముందే తెలిస్తే కంగారుండదు. గడియారం మళ్ళీ పెట్టుకోవాలి. కొన్ని మ్యూజిక్ సిస్టమ్‌లు కోడ్ అడుగుతాయి, అది దగ్గర పెట్టుకున్నాకే విప్పండి. అద్దాల ఆటో పద్ధతి మళ్ళీ నేర్పాల్సి రావచ్చు. రిమోట్ పనిచేయదు కాబట్టి తలుపు తాళంచెవితోనే వేయాలి. బటన్ స్టార్ట్ కార్లకి రిమోట్ లోపలే చిన్న ఇనప తాళంచెవి దాగి ఉంటుంది. అది ఎలా బయటికి లాగాలో ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించి వెళ్ళండి. ఫోన్‌లో చెబితే అర్థం కాదు, చేత్తో చేయించాలి.

విప్పినా బ్యాటరీ దానంతట అది కొంచెం దిగుతుంది. వేడి పెరిగే కొద్దీ ఇంకా త్వరగా. విజయవాడ, రామగుండం ఎండల్లో ఆరుబయట నిలబెట్టిన కారుకి రెండు నెలలకోసారైనా చూసుకోవాలి.

చూడడం అంటే మల్టీమీటర్‌తో. ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కారు రాత్రంతా నిలబడి ఉన్నాక పొద్దున్నే పెట్టండి, నడిపిన వెంటనే చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. 12 అంటే పావు వంతే మిగిలింది. చూశారా, 12 వోల్టుల బ్యాటరీ 12 చూపిస్తోంది కదా, బాగానే ఉంది అనుకుంటాం. కానీ అది దాదాపు ఖాళీ. 12.4 కిందికి వచ్చిందంటే ఛార్జ్ చేయాల్సిందే. దిగిపోయిన బ్యాటరీని వారాలకొద్దీ అలాగే వదిలేస్తే లోపలి పలకల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడి పెంకు కడుతుంది. తర్వాత ఎంతసేపు ఛార్జింగ్ పెట్టినా అది పూర్తిగా కరగదు. నాలుగైదేళ్ళు రావాల్సిన బ్యాటరీ రెండేళ్ళకే మార్చాల్సి వచ్చేది ఇందుకే.

ఇక ఛార్జర్. సొంత ఇల్లు, పోర్టికోలో ప్లగ్ పాయింట్ ఉన్నవాళ్ళకి ఇదే అన్నిటికన్నా సుఖం. స్మార్ట్ ఛార్జర్ అనో, బ్యాటరీ మెయింటెయినర్ అనో అడగండి. బ్యాటరీ నిండేదాకా 14.4 దగ్గర ఎక్కించి, నిండాక 13.5 దగ్గరికి తగ్గి ఊరికే కనిపెట్టుకుని ఉంటుంది. మామూలు పాత రకం ఛార్జర్ అలా తగ్గదు. మర్చిపోతే ఆసిడ్ మరిగిపోతుంది, హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. 45 బ్యాటరీకి 4, 5 ఆంపియర్ల ఛార్జర్ చాలు. మీది సిగ్నల్ దగ్గర దానంతట అదే ఆగి స్టార్ట్ అయ్యే కారయితే బ్యాటరీ ఏజీఎం గానీ ఈఎఫ్‌బీ గానీ అయ్యుంటుంది, ఛార్జర్‌లో ఆ రకం ఉందో లేదో చూసి కొనండి. అలాంటి కార్లలో నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. ఛార్జర్ నల్ల క్లిప్పు ఆ టెర్మినల్‌కి కాకుండా మాన్యువల్‌లో చూపించిన బాడీ పాయింట్‌కి పెట్టాలి.

డ్యాష్‌బోర్డ్ మీద పెట్టే చిన్న సోలార్ పలకలు వస్తున్నాయి. సెల్లార్‌లో ఎండేది? ఎండలో ఉన్నా, చాలా కార్లలో ఆ 12 వోల్టుల సాకెట్ తాళం తీస్తే ఆగిపోతుంది, బ్యాటరీకి ఏమీ చేరదు. నేనైతే దానికి డబ్బు పెట్టను.

ముందు మీ కారులో తగిలించినవి చూసుకోండి. పార్కింగ్ మోడ్‌లో ఉండే డ్యాష్‌క్యామ్ 250 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకి 6 ఆంపియర్ అవర్లు, వారంలో బ్యాటరీ ఖాళీ. జీపీఎస్ ట్రాకర్, స్టీరింగ్ కింద గుచ్చే ఓబీడీ పరికరం కూడా అంతే, పీకేయండి. ఫాస్టాగ్ జోలికి వెళ్ళక్కర్లేదు, దానికి కారు బ్యాటరీతో సంబంధం లేదు. బటన్ స్టార్ట్ రిమోట్‌ని కారుకి దూరంగా పెట్టండి. దగ్గరుంటే కొన్ని కార్లు నిద్రపోవు. మూతలున్న బ్యాటరీ అయితే నీళ్ళు చూసుకోండి, డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఆర్వో నీళ్ళు కాదు.

ఇన్ని చేసినా అవసరానికి మొరాయిస్తే ఎలా అంటారా? అందుకని చిన్న జంప్ స్టార్టర్ ఒకటి కొనిపెట్టండి, చేతిలో పట్టేంత ఉంటుంది. ఎండకి మరిగే కారులో కాదు, ఇంట్లో, తాళాల పక్కనే. మూడు నెలలకోసారి ఛార్జ్ పెట్టాలి. ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి, నల్లది ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుముకి. స్టార్ట్ అయ్యాక నల్లది ముందు తీయాలి. వీడియో కాల్‌లో కాకుండా, మీరు ఊరొచ్చినప్పుడే ఒకసారి నాన్నగారి చేత చేయించి చూడండి.

నిలబెట్టిన కారు టైర్ల సంగతి చాలామంది అడిగారు, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండి.